గదులు లెక్కపెట్టిన పండితులు – సింగపూరు నగరపాలన కథ

రబ్బరు తోటలో తెల్లవారకముందే పేర్లు పిలిచేవారని మన పెద్దలందరూ చెప్పేవారు. కిరాణి చెక్‌రోలు పట్టుకొని నిలబడి, వచ్చిన మనిషి పేరుకు ఎదురుగా ఒక గీత గీసేవాడు. గీత పడితే ఆ రోజు కూలి ఉన్నట్లు, పడకపోతే లేనట్లు. మన పూర్వీకులు కాగితం మీదికి ఎక్కినది ఆ విధంగానే, పనికి వచ్చిన తలలుగా. ఆ తల రాత్రి ఎక్కడ వాలినదో, ఆ గదిలో ఎందరు పడుకున్నారో, గాలి ఎటు నుండి వచ్చినదో, నీళ్ళు ఎంత దూరం నుండి మోసినారో చెప్పే లెక్క మాత్రం ఏ చెక్‌రోలులోనూ కనబడదు.

ఈ రెండవ రకపు లెక్క సింగపూరు నగరంలో ఎలా మొదలైనదో, దాని వలన పాలకులు ఏమి నేర్చుకొన్నారో, ఏమి నేర్చుకోలేదో ఈ వ్యాసంలో చెప్పదలచినాము. ఇది మనకెందుకని పాఠకులు అడగవచ్చు. మన తాతముత్తాతలు విశాఖపట్నం, గోదావరి ప్రాంతాల నుండి ఓడ ఎక్కి మలయా తోటలకు వచ్చినారు. ఒప్పందపు కూలి పద్ధతి 1910లో నిలిచినది. ఆ తరువాత కూడా కంగాణీల వెంట మరికొందరు వచ్చినారు. తోట విడిచినవారిలో కొందరు దక్షిణానికి దిగి సింగపూరు చేరి మునిసిపాలిటీ పనిలో కుదిరినారు. రోడ్డు వేయడం, కాలువ తీయడం, వీధి ఊడ్చడం, ఇవీ ఆ పనులు. మునిసిపాలిటీ రోజుకూలీలలో దక్షిణాది భారతీయుల సంఖ్యే పెద్దది. పైవారు వారందరినీ తమిళులనే పిలిచినా, ఆ గుంపులో తెలుగు మాట కూడా వినిపించేది. కాబట్టి నగరపాలన అనేది మనవారికి పుస్తకంలోని పాఠం కాదు. అది చేతిలోని పార, చీపురు.

ముందుగా పాలన సంగతి కొంచెం చెప్పాలి. 1887 ఆర్డినెన్సుతో సింగపూరు పురపాలక సంఘానికి ఒక స్పష్టమైన రూపం వచ్చినది. కమిషనర్లలో కొందరిని పన్ను కట్టే ఆస్తిపరులు ఎన్నుకొనేవారు. 1913లో ఆ కొద్దిపాటి ఎన్నికను కూడా ఎత్తివేసి, గవర్నరే అందరినీ నియమించే ఏర్పాటు చేసినారు. మళ్ళీ ఎన్నికలు వచ్చినది 1949లో. మధ్యలో ముప్పై ఆరు సంవత్సరాలు. పట్టణం వెలుపల ఉన్న తోటలు, పల్లెలు రూరల్ బోర్డు కింద ఉండేవి. అక్కడ కూడా మాట నియమితులదే. వీధి ఊడ్చినవాడికి గాని, ఇరుకు గదిలో అద్దెకున్నవాడికి గాని ఆ సభలలో చోటు లేదు. ఈ సంగతి గుర్తుంచుకొంటే తక్కిన కథ సులభంగా అర్థమవుతుంది.

1906లో వలస ప్రభుత్వం లండను నుండి ప్రొఫెసర్ డబ్ల్యు. జె. సింప్సన్‌ను పిలిపించినది. ఆయన కింగ్స్ కాలేజీలో ఆరోగ్యశాస్త్రం బోధించేవారు. అంతకుముందు కలకత్తా నగరానికి ఆరోగ్యాధికారిగా పనిచేసినారు. లండనులో ఉష్ణదేశపు వైద్య విద్యాలయం నెలకొల్పినవారిలో ఆయన కూడా ఒకరు. సింగపూరులో మరణాలు ఎందుకు అంత ఎక్కువగా ఉన్నాయి, ముఖ్యంగా క్షయ ఎందుకు తగ్గడం లేదు అని కనుక్కోవడం ఆయన పని.

సింప్సన్ కచ్చేరీలో కూర్చొని కాగితాలు చదివి వెళ్ళిపోలేదు. ఇండ్లలోకి వెళ్ళినారు. ఆ కాలపు అంగడి ఇండ్లు పాఠకులకు తెలిసినవే. ముందు ఐదడుగుల వరండా, లోపల సన్నగా, పొడుగుగా పోయే ఇల్లు, ఒకదానికొకటి వీపు ఆనించి కట్టిన వరుసలు. మేడ మీద చెక్క అడ్డులు కొట్టి చిన్న చిన్న గదులుగా చీల్చి అద్దెకిచ్చేవారు. ముందు గదికి కిటికీ ఉంటుంది. మధ్య గదులకు కిటికీ లేదు, పగలు కూడా చీకటి. సింప్సన్ తన నివేదికలో అటువంటి ఇండ్ల పటాలను గదితో సహా గీయించి చూపించినారు. 1907లో అచ్చయిన ఆ నివేదికలో మాకు అన్నిటికన్న విలువైనవిగా తోచినవి ఆ పటాలే. అంతకుముందు, రోగానికి కారణం ఆసియావారి అలవాట్లేనని దొరలు తేలికగా అనేసేవారు. ఎంత శుభ్రమైన అలవాట్లున్న మనిషినైనా కిటికీ లేని ఆ గదిలో పెడితే ఏమవుతుందో పటం చూసినవాడికి వేరే చెప్పనక్కరలేదు.

ఇండ్ల వరుసల మధ్య వెనుక సందులు తీయాలి, గాలి వెలుతురు రావాలి, మురుగు పోయే మార్గం సరిగా కట్టాలి, నగరాన్ని బాగుచేయడానికి ప్రత్యేకమైన అధికారం కల సంస్థ ఒకటి ఉండాలి అని ఆయన సలహా ఇచ్చినారు. సలహా మంచిదే. కాని వెనుక సందు తీయాలంటే ఇంటి వెనుక భాగం పడగొట్టాలి, ఇంటివారికి పరిహారం ఇవ్వాలి, అద్దె వచ్చే గదులు తగ్గిపోతాయి. నష్టం ఆస్తిపరులది, లాభం అద్దెకున్నవారిది. కమిషనర్లకు ఎవరి మాట వినబడేదో వేరే చెప్పాలా? 1918లో మరొక గృహ కమిషన్ కూర్చున్నది, అదీ చెప్పినది. సింగపూర్ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు అనే సంస్థ చట్టబద్ధంగా ఏర్పడినది 1927లో. అంటే సింప్సన్ నివేదిక అచ్చయిన ఇరవై ఏళ్ళకు. అప్పుడు పుట్టిన బిడ్డ ఆ చీకటి గదిలోనే పెరిగి పెద్దవాడైపోయినాడు.

పండితుడు తప్పు చెప్పలేదు, పాలకుడికి తెలియక కాదు. విన్న మాటను చేయకపోతే అడిగేవారు లేరు. అంతే.

తోటల వైపు కూడా ఒకసారి చూడవలసి ఉన్నది. మన కూలీల స్థితిని చూడడానికి భారత ప్రభుత్వం 1936 చివర వి. ఎస్. శ్రీనివాస శాస్త్రిగారిని మలయాకు పంపినది. అప్పుడాయన అన్నామలై విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్. అంతకుముందు ఎప్పుడో మద్రాసు ట్రిప్లికేన్‌లో ఒక ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయులు కూడా. బడిపంతులు వృత్తిలో ఉన్న మాకు ఈ వివరం కొంచెం గర్వంగా ఉంటుంది, దాచడం ఎందుకు! 1937లో ఆయన ఇచ్చిన నివేదిక చాలా మెత్తగా ఉన్నదని మలయాలోని భారతీయ నాయకులు కొందరు అసంతృప్తి పడినారు. మేము కూడా ఆ అసంతృప్తి న్యాయమైనదే అనుకొంటాము. అయినా కంగాణీ ద్వారా మనుషులను తెచ్చే పద్ధతి ఇక సాగనక్కరలేదని ఆయన వ్రాసిన మాట మిగిలినది. 1938లో భారత ప్రభుత్వం ఆ వలసను ఆపినది. ఇక్కడ గమనించవలసినది ఒకటున్నది. సింప్సన్ నివేదిక ఇరవై ఏళ్ళు పడుకున్నది. శాస్త్రిగారి నివేదికలోని ముఖ్యమైన మాట ఏడాదిన్నరలోపలే చెల్లినది. కారణం, మన దేశంలో అప్పటికి ప్రజాభిప్రాయం అనేది ఒకటి లేచి నిలబడినది.

యుద్ధం, జపాను వారి కాలం మనకు తెలిసిన చేదు కథే. యుద్ధం తరువాత సింగపూరు నగరం ఇంకా కిక్కిరిసిపోయినది. 1947 డిసెంబరులో సాంఘిక సంక్షేమ శాఖవారు నగరంలో ఒక సాంఘిక సర్వే జరిపినారు. ఇంటింటికీ వెళ్ళి ఎందరున్నారు, ఎంత చోటు, ఎంత సంపాదన అని అడిగి వ్రాసుకొన్నారు. ఆ శాఖలో పనిచేసిన యువకుడు గో కెంగ్ స్వీ. ఆయన తరువాత లండను స్కూల్ ఆఫ్ ఎకనమిక్స్‌కు వెళ్ళి డాక్టరేటు చేసినారు. 1953–54లో మరొక సర్వేను ఆయనే నడిపించి, పట్టణ ఆదాయాలు, గృహవసతి గురించి 1956లో నివేదిక అచ్చువేయించినారు. ఒక కుటుంబం కనీసంగా బ్రతకడానికి ఎంత కావాలి అని ముందు లెక్క కట్టి, అంతకన్న తక్కువ వచ్చేవారు ఎవరెవరు అని చూడడం ఆ సర్వే పద్ధతి. పేదరికం అనేది జాలిపడే మాటగా కాక కొలిచే వస్తువుగా మారినది అప్పుడే. అదే మనిషి 1959లో ఆర్థికమంత్రి అయినారు. నివేదిక వ్రాసినవాడే దానికి డబ్బు కేటాయించే కుర్చీలో కూర్చోవడం లోకంలో ఎక్కువగా జరిగే సంగతి కాదు.

1949 అక్టోబరులో వైద్య కళాశాల, రాఫిల్స్ కాలేజీ కలిసి మలయా విశ్వవిద్యాలయం సింగపూరులో ఏర్పడినది. ఆ విశ్వవిద్యాలయం తరఫున 1950 దశకం మధ్యలో బారింగ్టన్ కే అనే ఆయన చైనా టౌనులోని అప్పర్ నాన్‌కిన్ వీధిని తీసుకొని, ఆ ఒక్క వీధినే ఇల్లిల్లూ తిరిగి పరిశోధించినారు. 1960లో పుస్తకంగా వచ్చినది. ఒక అంతస్తులో ఎన్ని గదులు, ఒక్కొక్క గదిలో ఎన్ని కుటుంబాలు, వంట ఎక్కడ, పొయ్యి ఎవరెవరిది, స్నానానికి, దొడ్డికి ఎందరు కాచుకొని ఉండాలి, పగటి పనివాడు లేచిన మంచం మీద రాత్రి పనివాడు ఎలా వాలతాడు – ఇటువంటి వివరాలు. సింప్సన్ గీయించిన పటాలకు యాభై ఏళ్ళ తరువాత కూడా లోపలి గదికి కిటికీ లేదు. ఆ వీధి ఈనాడు పటంలో లేదు, పుస్తకంలో మాత్రం ఉన్నది.

అది చైనావారి వీధి. మనవారు అందులో లేరు. మునిసిపాలిటీ కూలి లైన్లలో గది గదికీ తిరిగి అంత ఓపికతో వ్రాసిన పుస్తకం మా చేతికి ఇంతవరకు చిక్కలేదు. ఆ పుస్తకం చదువుతున్నంతసేపూ మాకు ఒక రకమైన అసూయ కలిగినదని ఒప్పుకొంటున్నాము.

అదే కాలంలో మన తెలుగునాట జరిగిన పని ఒకటి ఇక్కడ చెప్పడం తగును. హైదరాబాదుకు దగ్గరలో శామీర్‌పేట అనే పల్లె ఉన్నది. 1951–52లో ఉస్మానియా విశ్వవిద్యాలయంవారు వేర్వేరు శాఖల అధ్యాపకులను, విద్యార్థులను అక్కడికి పంపినారు. సేవ కూడా చేయాలి, పరిశోధన కూడా చేయాలి అనే ఉద్దేశంతో. ఆ పనికి ఎస్. సి. దూబే అనే మానవశాస్త్రవేత్త నాయకత్వం వహించి, 1955లో ఆ పల్లె మీద ఒక గ్రంథం ప్రచురించినారు. పంచాయతీ ఎలా నడుస్తున్నది, కులాల మధ్య మాట ఎవరిది చెల్లుతున్నది అన్న విషయాలు అందులో ఉన్నవి. 1958లో ఆయనే, ప్రభుత్వపు సమాజ వికాస పథకాలు పల్లెలో ఎక్కడ తప్పుతున్నవో చూపుతూ మరొక గ్రంథం వ్రాసినారు. 1959లో రాజస్థాన్ తరువాత ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ పద్ధతిని మొదలుపెట్టినది. ఆ పద్ధతికి శిక్షణ, పరిశోధన చేసే జాతీయ సంస్థ 1960 దశకంలో హైదరాబాదు రాజేంద్రనగరుకు వచ్చి, ఈనాటికీ అక్కడే ఉన్నది. ఒకవైపు శామీర్‌పేట, మరొకవైపు నాన్‌కిన్ వీధి. ఒకటి పొలాల మధ్య పల్లె, మరొకటి మూడంతస్తుల మేడల వీధి. ఇద్దరు పరిశోధకులూ చేసినది ఒకే పని. గుమ్మం దాటి లోపలికి వెళ్ళి, వినయంగా అడిగి, వ్రాసుకోవడం.

తిరిగి సింగపూరుకు వద్దాము. 1951 సెప్టెంబరు 22న సింగపూరుకు నగర హోదా వచ్చినది. పురపాలక సంఘం సిటీ కౌన్సిల్ అయినది. పేరు పెద్దదైనది గాని ఓటర్ల పట్టిక చిన్నదే. స్థానిక పాలనను ఎలా సంస్కరించాలో చెప్పమని ఇంగ్లండు నుండి ఎల్. సి. హిల్‌ను పిలిపించినారు. ఆయన స్థానిక సంస్థల ఉద్యోగుల సంఘానికి చాలా ఏళ్ళు ప్రధాన కార్యదర్శిగా ఉండి, తరువాత ఎక్సెటర్ కాలేజీలో పరిపాలనా శాస్త్రం బోధించినవారు. అంటే కింది ఉద్యోగి కష్టమూ తెలుసు, పుస్తకమూ తెలుసు. పట్టణానికి ఒక పాలన, చుట్టూ ఉన్న పల్లెలకు మరొక పాలనగా సాగుతున్న తీరును పరిశీలించి 1952లో నివేదిక ఇచ్చినారు. తరువాత మెక్‌నీస్ అధ్యక్షతన మరొక సంఘం కూర్చొని 1956లో తన సిఫారసులు చెప్పినది. 1957లో స్థానిక ప్రభుత్వ చట్టం వచ్చినది.

ఆ చట్టం కింద 1957 డిసెంబరు 21న ఎన్నికలు జరిగినవి. సభ్యులు 32 మంది, అందరూ ఎన్నికైనవారే. నియమితుడు ఒక్కడూ లేడు. పీపుల్స్ యాక్షన్ పార్టీ 13 స్థానాలు గెలిచి పెద్ద పక్షమైనది. ఆ పార్టీకి చెందిన ఓంగ్ ఎంగ్ గ్వాన్ మేయరైనారు. ఓటు వేయడం అప్పటికి తప్పనిసరి కాలేదు, చాలామంది వేయలేదు. అయినా ప్రజలు సభ చూడడానికి వచ్చినారు. కొత్త మేయరు వలస దర్పానికి గుర్తయిన బంగారు దండాన్ని సభ నుండి తీసివేయించినారు. ఫిర్యాదులు వినడానికి తలుపులు తెరిపించినారు. ఊడ్చేవాడు కూడా లోపలికి వచ్చి మాట్లాడవచ్చునన్న మాట సామాన్యులకు ఎంత ధైర్యం ఇచ్చి ఉంటుందో ఊహించవచ్చు. కాని ఆ సభ నెమ్మదిగా నడవలేదు. కేకలు, తగవులు, అధికారులను అందరి ఎదుట నిలదీయడం ఎక్కువైనవి. ఎన్నిక ఎలా జరగాలో నిపుణుల నివేదిక చెప్పగలదు. ఎన్నికైన మనిషి ఇంజనీరుతో ఎలా మాట్లాడాలో, కోపాన్ని ఎక్కడ దాచుకోవాలో ఏ నివేదికా చెప్పలేదు. 1959లో స్వపరిపాలన వచ్చినప్పుడు కొత్త ప్రభుత్వమే నగర సభ పనులను తన చేతిలోకి తీసుకొన్నది. నీరు, విద్యుత్తు, గ్యాసు చూసే బోర్డు 1963 మేలో ఏర్పడినది. ఆ ఏడాదే సిటీ కౌన్సిల్ చట్టరీత్యా కూడా ముగిసినది.

చిన్న ద్వీపానికి రెండు ప్రభుత్వాలు ఎందుకన్న వాదం ఉన్నది, అందులో నిజం లేకపోలేదు. పనులు వేగంగా జరిగినవి కూడా. ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు 32 ఏళ్ళలో కట్టినవి సుమారు 23,000 ఇండ్లు. 1960లో వచ్చిన హౌసింగ్ బోర్డు మొదటి ఐదేళ్ళలోనే 50,000కు పైగా కట్టినది. సింప్సన్ అడిగిన గాలి, వెలుతురు చివరికి వచ్చినది ఆ విధంగా. ఇంత చేసిన తరువాత కౌన్సిల్ పోయినదని ఏడవడం న్యాయమా అని మా స్నేహితులు కొందరు అంటారు. ఇల్లు వచ్చినందుకు మేమూ సంతోషించినవాళ్ళమే. అయినా 36 ఏళ్ళు ఎదురుచూసి తెచ్చుకొన్న ఓటుతో పూర్తిగా ఎన్నికైన నగర సభ రెండేళ్ళైనా సరిగా నడవకముందే మాయమైనది కదా అని మాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

ఆ 1959 ఆగస్టులోనే మరొక వింత జరిగినది. గుడ్‌వుడ్ హిల్ మీద పొలిటికల్ స్టడీ సెంటర్ అనే బడి తెరిచినారు. విద్యార్థులు ఎవరనుకొన్నారు? పెద్ద పెద్ద ప్రభుత్వాధికారులు. జార్జి థామ్సన్ దానికి డైరెక్టరు. ఇంగ్లీషు చదువు చదివి, బంగళాలలో ఉండి, కింది వీధిలో ఏమి జరుగుతున్నదో తెలియని అధికారికి దేశం గురించి పాఠం చెప్పాలని ఉద్దేశం. పాలించేవాడు బల్ల ముందు కూర్చొని వ్రాసుకొంటున్న దృశ్యం తలచుకొంటే ఏ ఉపాధ్యాయుడికైనా ముచ్చట వేయక మానదు. పదేళ్ళు నడిచి 1969లో అది మూతపడినది.

ఆ తరువాత పరిశోధన ప్రభుత్వ శాఖల లోపలికే వచ్చినది. హౌసింగ్ బోర్డువారు 1968 నుండి తమ ఇండ్లలో ఉన్నవారిని అడిగి సర్వేలు చేయించినారు. ఆ పనిలో ముందున్నవారు స్టీఫెన్ యే అనే ఆర్థిక పరిశోధకులు. బయట విశ్వవిద్యాలయంలో కూడా కొందరు ఇదే విషయాన్ని వేరే కంటితో చూసినారు. కమ్యూనిటీ సెంటర్లు రాజకీయంగా ఏ పనిచేస్తున్నవో సియా చీ మియో 1973లో వ్రాసినారు. పాలక పక్షం కింది స్థాయిలో ఎలా పాతుకొన్నదో చాన్ హెంగ్ చీ 1976లో గ్రంథంగా తెచ్చినారు. తక్కువ ఆదాయం కల కుటుంబాలు ఎత్తైన మేడలలో, ఇరుగుపొరుగుల మధ్య, ఎలా బ్రతుకుతున్నవో రియాజ్ హసన్ 1977లో ‘ఫామిలీస్ ఇన్ ఫ్లాట్స్’ అనే పుస్తకంలో చెప్పినారు. ఇవి పాలకులను మెప్పించడానికి వ్రాసిన పుస్తకాలు కావు. మెచ్చుకొనే పరిశోధన పాలకుడికి బలాన్నిస్తుంది, గుచ్చే పరిశోధన కళ్ళనిస్తుంది. రెండవదానిని భరించే ఓర్పు ఉన్న చోటే స్థానిక నాయకత్వం ఎదుగుతుందని మా అభిప్రాయం.

1980 దశకంలో గడియారం కొంచెం వెనక్కు తిరిగినది. 1986లో ఆంగ్ మో కియోలో ప్రయోగంగా మూడు టౌన్ కౌన్సిళ్ళు పెట్టినారు. 1988లో చట్టం వచ్చినది. లిఫ్టు, వీధి దీపం, మెట్ల శుభ్రత, మరమ్మతుల నిధి మొదలైన పనులు పార్లమెంటు సభ్యుల చేతికి వచ్చినవి. పాత మునిసిపాలిటీ అంత అధికారం కాదు, నీరు లేదు, విద్యుత్తు లేదు. అయినా తమ పేటను ఎవరు సరిగా చూసుకోలేదో ఓటరు చెప్పే అవకాశం మళ్ళీ కలిగినది. చిత్రమేమంటే ఆ రోజులలోనే ఆంధ్రప్రదేశ్‌లో ఎన్. టి. రామారావుగారి ప్రభుత్వం తాలూకాలను, సమితులను తీసివేసి వెయ్యికి పైగా మండలాలను ఏర్పాటు చేసినది, 1987లో వాటికి ఎన్నికలు జరిపినది. ఒకరిని చూసి ఒకరు చేసినారని మేము అనడం లేదు. రెండు చోట్లా పై కచ్చేరీ దూరమైపోయినదన్న బాధ ఒకటే. 1988లోనే సింగపూరులో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పాలసీ స్టడీస్ మొదలైనది, చాన్ హెంగ్ చీ దానికి తొలి డైరెక్టరు. పాలక పక్షం గురించి నిర్మొహమాటంగా వ్రాసిన మనిషినే పిలిచి ఆ కుర్చీ ఇవ్వడం మాకు నచ్చిన సంగతి. ఆ సంస్థ తరఫునే ఊయి గియోక్ లింగ్ 1990లో టౌన్ కౌన్సిళ్ళ మీద తొలి పరిశోధనలలో ఒకటి ప్రచురించినారు.

ఇక మన సంగతి. సర్వేలో గడి ఉన్నవాడికే పాలనలో చోటు ఉంటుంది. సింగపూరు లెక్కలలో మనవారు ‘భారతీయులు’ అనే గడిలో పడతారు. 1989 నుండి హౌసింగ్ బోర్డు ఇండ్లలో ఒక్కొక్క బ్లాకుకు ఏ జాతివారు ఎందరుండవచ్చో పరిమితి ఉన్నది. జాతులు విడివిడిగా గుంపు కట్టకూడదన్న ఉద్దేశం మంచిదే, మేము దానిని సమర్థిస్తాము. కాని ఇల్లు అమ్ముకోవలసి వచ్చినప్పుడు కొనేవారి జాతిని కూడా చూడవలసి రావడం అల్పసంఖ్యాకులకే ఎక్కువ కష్టం. బడిలో మాతృభాష విషయం కూడా ఇలాంటిదే. తమిళం అధికార భాష. 1990 ప్రాంతంలో హిందీ, పంజాబీ, బెంగాలీ, గుజరాతీ, ఉర్దూ భాషలను పరీక్షకు తీసుకోవచ్చునన్నారు. తెలుగు ఆ ఐదింటిలో లేదు. మేము బడిలో తమిళం చదివి, తెలుగును సమాజంవారి సాయంకాలపు తరగతులలో, బల్లలు చాలక నేల మీద కూర్చొని నేర్చుకొన్నవాళ్ళం. ఈ వ్యాసంలో తప్పులు దొర్లితే ఆ నేలదే తప్పు! కోపంతో చెప్పడం లేదు. ఎందరము ఉన్నామో, ఎక్కడ ఉన్నామో, ఏమి మాట్లాడుతున్నామో మనమే ఎప్పుడూ ఓపికగా లెక్క వ్రాసి ఎవరి ముందూ పెట్టలేదు. గడి లేదని పాలకులను అడిగే ముందు ఈ మాట కూడా ఒప్పుకోవాలి.

అందుకని కొన్నాళ్ళ కిందట మేము ఒక చిన్న పని మొదలుపెట్టినాము. సర్వే అనే పెద్ద పేరు దానికి తగదు. మా సమాజంలోని పెద్దలను ఒక్కొక్కరిని కలిసి, వారు పుట్టి పెరిగిన గది పటం కాగితం మీద గీయమని అడుగుతున్నాము. ఒక పెద్దమ్మగారు ఉన్నారు, ఎనభై దాటినవారు. వారి నాన్నగారు జొహోరులో రబ్బరు తోట విడిచి, వంతెన దాటి వచ్చి, సింగపూరు మునిసిపాలిటీలో రోడ్డు పనికి కుదిరినారట. క్వార్టర్సులో ఒక గది, ముందు వరండా, వరుసకంతటికీ ఒకే కొళాయి.

మేము స్కేలు పెట్టి గీయబోతే ఆమె పెన్సిలు లాక్కొన్నారు. “ఉండండి మాస్టారూ, పొయ్యి అక్కడ కాదు, తలుపు పక్కన. వాన వస్తే లోపలికి జరిపేది మా అమ్మ” అన్నారు. మంచం ఒక్కటే, అది తాతగారిది. తక్కినవారందరూ చాప మీద. ఎవరి తల ఎటు వైపు ఉండేదో కూడా గుర్తు పెట్టినారు. ఎందరమ్మా అని అడిగితే వేళ్ళు మడిచి తొమ్మిది మంది అన్నారు. తొమ్మిది అని వ్రాసుకొని వచ్చినాము.

మరునాడు పొద్దున్నే ఫోను చేసినారు. “మాస్టారూ, లెక్క తప్పింది. మా చిన్నాన్న రాత్రి డ్యూటీ చేసేవాడు కదా, పగలు వచ్చి అక్కడే పడుకొనేవాడు. రాత్రి పూట కనబడడు కాబట్టి మరచిపోయినాను. పది అని వ్రాయండి.”

పది అని దిద్దుకొన్నాము.